ఆది ఆంధ్రవాడ నుంచి ఉల్లిపొరల దారి దాకా



పూతలపట్టులో డిగ్రీ చదివే తమ్ముళ్ళు ఇద్దరు పోయిన నెల ఒక ప్రశ్న అడిగారు. "అన్నా, టార్ రిలే అని ఒకటుందంట. మన ఇంట్లో పెట్టుకోవచ్చా? పోలీసోళ్ళు వస్తారా?" దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపొచ్చు. కానీ ఆ ప్రశ్న కింద మన చరిత్ర చానా ఉంది. అందుకే ఈ వారం భాగం మొత్తం దానికే ఇస్తున్నా. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు చిరునామా సంగతి.

మన చిత్తూరు జిల్లాలో ఆధార్ కార్డు తీసి చూడండి. రేషన్ కార్డు చూడండి. ఊరి పేరు పక్కన ఏఏడబ్ల్యూ అనో, హెచ్‌డబ్ల్యూ అనో ఉంటుంది. ఆది ఆంధ్రవాడ, హరిజనవాడ. బెంగుళూరులో అద్దె ఇంటికి పోయినా, తిరుపతిలో ఇంటర్వ్యూకి పోయినా, నీ కులం ఎవరూ అడగాల్సిన పని లేదు. కార్డు జిరాక్స్ ఇస్తే చాలు. నువ్వు నోరు విప్పకముందే నీ చిరునామా మాట్లాడేస్తుంది.

కంప్యూటర్ చదివినోళ్ళు దీన్నే మెటాడేటా అంటారు. ఉత్తరంలో ఏముందో చదవక్కర్లేదు, కవరు మీద ఎక్కడి నుంచి ఎక్కడికో చూస్తే చాలు. ఇంటర్నెట్‌లో ప్రతి ముక్కకూ అలాంటి కవరు ఉంటుంది. దాని మీద ఐపీ అడ్రసు ఉంటుంది. నువ్వు ఏ సైటుకు పోయావో నీ ఇంటర్నెట్ కంపెనీకి తెలుస్తుంది. నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో ఆ సైటుకు తెలుస్తుంది. లోపలి మాటకు తాళం వేసినా పైన అడ్రసు అందరికీ కనపడతానే ఉంటుంది.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. ఆది ఆంధ్ర అనే పేరు మన పెద్దలు గర్వంగా ఎంచుకున్నది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగితే, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కూర్చున్నవాళ్ళు ఆ 'పంచమ' మాటనే తీసిపారేశారు. ఈ నేలకు మొదటివాళ్ళం మేమే, మేం ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అంత గర్వమైన పేరు కూడా ఊరి చివర ఉన్న వాడకు అంటించేసరికి మళ్ళీ గుర్తింపు ముద్ర అయిపోయింది. పేరు మార్చినా వాడ ఎక్కడుందో అక్కడే ఉంది గదా. పేరు ఏదన్నది ఒక సమస్య. ఆ పేరును ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించే అధికారం మన చేతిలో లేకపోవడం ఇంకో సమస్య.

అదే 1917లో ఇంకొకటి జరిగింది. బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఉండడానికి గది లేదు. హిందూ హోటల్ రానివ్వదు. ఒక పార్సీ సత్రం దొరికింది. ఆ సత్రం చూసుకునే మనిషి రోజుకు రూపాయిన్నర తీసుకుని, పుస్తకంలో పార్సీ పేరు రాసుకోనిస్తే ఉండనిస్తానన్నాడు. బాబాసాహెబ్ ఒప్పుకున్నారు. పాత సామాన్లు పడేసిన హాలు, సరైన దీపం కూడా లేని మేడ, తోడు ఒక్కడు లేడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు వచ్చారు. నువ్వెవరు, ఈ చోటును మైల పరిచావు, సాయంత్రంలోగా ఖాళీ చెయ్ అన్నారు. ఈ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు.

నేను ఆ పేజీలు చదివినప్పుడల్లా ఒకటే ఆలోచిస్తా. అంత గొప్ప మనిషి పేరు మార్చుకున్నా ఎందుకు దొరికిపోయారు? ఆ సత్రంలో ఆయన ఒక్కరే ఉన్నారు. ఇంకో యాభై మంది రకరకాల మనుషులు దిగి ఉంటే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. ఒంటరిగా దాక్కున్నవాడు దాక్కున్నట్టు కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, టార్ మొత్తం దీని మీదే నిలబడింది.

1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనా సంస్థలో పాల్ సైవర్సన్, మైఖేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ అనే ముగ్గురు ఒక పద్ధతి కనిపెట్టారు. మాటను ఉల్లిగడ్డ లాగా పొరల్లో చుట్టి, మధ్యలో కొన్ని కంప్యూటర్ల మీదుగా పంపడం. ఒక్కో కంప్యూటర్ ఒక్కో పొర ఒలుస్తుంది. దీన్నే ఆనియన్ రూటింగ్ అన్నారు. కానీ వాళ్ళకు బరోడా సమస్యే వచ్చింది. ఈ దారిలో నౌకాదళం వాళ్ళు మాత్రమే నడిస్తే, దారిలో కనపడిన ప్రతివాడూ నౌకాదళం మనిషే అని ఇట్టే తెలిసిపోతుంది. దాక్కోవాలంటే గుంపు కావాలి. గుంపు కావాలంటే దారిని అందరికీ తెరవాలి. సైవర్సన్‌తో పాటు రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేరి రాసిన టార్ 2002 అక్టోబరులో బయటికొచ్చింది. ప్రోగ్రాం ఎవరైనా చదివి చూసుకునేలా తెరిచిపెట్టారు. 2003 చివరికి దాన్ని నడిపే కంప్యూటర్లు డజను దాకా ఉన్నాయి. దాదాపు అన్నీ అమెరికావే, ఒకటి జర్మనీది. 2006లో టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఈ రోజు ప్రపంచమంతా కలిపి వేల రిలేలు ఉన్నాయి. వాటిని నడిపేవాళ్ళలో అత్యధికులు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు.

"అమెరికా సైన్యం చేసిన దాన్ని మనమెట్లా నమ్మాలి?" అని కామ్రేడ్లు కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఏళ్ళ తరబడి దాని ఖర్చులో పెద్ద వంతు అమెరికా ప్రభుత్వ సంస్థల నుంచే వచ్చింది, ఇందులో దాపరికం లేదు. రైలు కూడా తెల్లదొర తన సరుకు కోసం, తన సిపాయిల కోసం వేసుకున్నదే. ఆ రైలెక్కే మన చిత్తూరు, ఉత్తర ఆర్కాడు పల్లెల మనుషులు కోలారు బంగారు గనులకు పోయారు, రెడ్డి కళ్ళం విడిచి నెల జీతం మొహం చూశారు. సాధనం ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న. దాన్ని ఇప్పుడు ఎవరు నడుపుతున్నారన్నది ఇంకో ప్రశ్న. రెండోదాని జవాబు మన చేతిలో కూడా ఉంది.

ఇప్పుడు అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. దీనికి మన ఊరి పోలికే సరిపోతుంది.

వెట్టి అంటే ఏమిటో మీ తాతను అడగండి. ఊరికి అధికారి వస్తే అతని మూట నెత్తిన పెట్టుకుని పొలిమేర దాకా మోసేది మాల మాదిగలే. అక్కడ పక్క ఊరి వెట్టివాడికి అప్పగించాలి. వాడు తరువాతి ఊరి దాకా. కచేరీ కాగితాలు మోసింది మనమే. చావు కబురు ఎండల్లో, వానల్లో మోసుకుపోయింది మనమే. మోసేవాడికి తెలిసేది రెండే: ఎవరి చేతి నుంచి తీసుకున్నాను, ఎవరి చేతికి ఇవ్వాలి. లోపల ఏం రాసుందో తెలియదు, ఎందుకంటే అక్షరం రానివ్వలేదు. ఈ దేశంలో సమాచారం మోసిన మొదటి రిలేలు మన తాతలు. కూలి లేదు, వద్దనే హక్కు లేదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది.

టార్ రిలే చేసే పని కూడా మూట అందుకుని మూట అందించడమే. నీ కంప్యూటర్ మూడు రిలేలను ఎంచుకుని, మాటను మూడు పొరల్లో చుడుతుంది. మొదటి రిలేకు నువ్వెవరో తెలుసు, నువ్వు ఎక్కడికి పోతున్నావో తెలియదు. నడిమి రిలేకు ముందున్న రిలే, వెనకున్న రిలే తప్ప ఏమీ తెలియదు. చివరి రిలేకు, అంటే ఎగ్జిట్‌కు, ఏ సైటుకు పోవాలో తెలుసు, పంపింది ఎవరో తెలియదు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం కథ ఉండదు. వెట్టివాడికి తెలియకపోవడం వాడి మీద జరిగిన అన్యాయం. రిలేకు తెలియకపోవడం మోయించుకునేవాడికి రక్షణ. పని ఒకేలా ఉన్నా, ఎవరి కోసం, ఎవరి ఇష్టంతో అన్నది అర్థాన్ని తిరగేస్తుంది.

"మనకెందుకన్నా ఈ రక్షణ? తప్పు చేసేవాడు కదా దాక్కునేది?" ఇది కూడా వస్తుంది. చుండూరు గుర్తు చేసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007 జులై 31న వచ్చింది, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ ఇరవై మూడేళ్ళూ సాక్ష్యం చెప్పిన మనుషులు ఎవరో ఊరందరికీ తెలుసు. మన కేసుల్లో సాక్షి పేరు బయటపడితే ముందు కూలి పోతుంది, తరువాత పాలు పోసే చోటు పోతుంది, ఆ తరువాత రాజీ మనుషులు వస్తారు. ఈ సంగతి చట్టం కూడా ఒప్పుకుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ చేరింది. జనానికి అందే కోర్టు కాగితాల్లో సాక్షి పేరు, చిరునామా దాచమని ఆదేశించే అధికారం ప్రత్యేక కోర్టుకు వచ్చింది. పేరు దాచుకోవడం నేరస్తుడి అవసరం అయితే ఈ సెక్షన్ ఎందుకు రాస్తారు? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చారు. దళిత విద్యార్థికి, సాక్షికి, పీఎఫ్ డబ్బు మింగిన కాంట్రాక్టర్ గురించి చెప్పాలనుకునే పారిశుద్ధ్య కార్మికురాలికి ఆ హక్కు కాగితం దాటి చేతికి రావాలంటే పనిముట్టు కావాలి.

అయితే పనిముట్టును దేవుణ్ణి చెయ్యొద్దు. టార్ చెయ్యలేనివి మూడు చెబుతా. ఒకటి, 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దని అమలాపురం తగలబెట్టినప్పుడు జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. తీగే కోసేస్తే టార్ నడవదు. రెండు, నీ ఫోన్‌లోకే దొంగ దూరితే పొరలు చుట్టి లాభం లేదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్ళు బయటి నుంచి పెట్టారని 2021లో అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్ తేల్చింది. మూడు, టార్ తెరిచి సొంత పేరుతో ఫేస్‌బుక్‌లో లాగిన్ అయితే నువ్వెవరో నువ్వే చెప్పినట్టు.

ఇప్పుడు తమ్ముళ్ళ ప్రశ్నకు వద్దాం. పూతలపట్టులో రిలే పెట్టవచ్చా?

మూడు మెట్లున్నాయి. అన్నిటికన్నా తేలిక స్నోఫ్లేక్. బ్రౌజర్‌లో ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వేసుకోవడమే. టార్‌ను అడ్డుకునే దేశాల్లో ఉన్నవాళ్ళకు నీ కనెక్షన్ కాసేపు మెట్టు అవుతుంది. పోర్టులు తెరవక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ చాలు. రెండోది బ్రిడ్జి, అంటే జాబితాలో అచ్చు వెయ్యని రహస్య ప్రవేశద్వారం. మూడోది అసలు రిలే. దీనికి రెండు వైపులా సెకనుకు 10 మెగాబిట్లన్నా ఉండాలి. వేల కనెక్షన్లు ఒకేసారి పట్టుకోవాలి. ఇంట్లో పెట్టే చిన్న రౌటర్లు అక్కడే చతికిలపడతాయి. అందుకే చానా మంది సర్వర్ అద్దెకు తీసుకుని నడుపుతారు. మన దేశంలో అద్దెకు తీసుకుంటే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం నీ పేరు, చిరునామా అయిదేళ్ళు ఆ కంపెనీ దగ్గర ఉంటాయి. అది తెలిసే అడుగు వెయ్యాలి. నడిపేవాడు దాక్కోవడం ఈ పని ఉద్దేశం కాదు. మోసేవాడు బయట నిలబడతాడు, మోయించుకునేవాడికి నీడ దొరుకుతుంది.

రిలే పెట్టినవాళ్ళకు మొదట వచ్చే తంటాలు దాదాపు ఒకటే. వరసగా చూసుకోండి.

బయటివాళ్ళు నీ రిలేను అందుకోలేకపోతే ముందు రౌటర్ పేజీలో ఐపీ అడ్రసు చూడు. తరువాత బయటి సైటులో నీ అడ్రసు ఏమని కనపడుతుందో చూడు. రెండూ వేరైతే, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, కంపెనీ ఒకే అడ్రసును వందల ఇళ్ళకు పంచి ఇస్తోందని అర్థం. ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. సొంత అడ్రసు అడిగి తీసుకోవాలి, లేదంటే స్నోఫ్లేక్‌తో సరిపెట్టుకోవాలి. రెండూ ఒకటే అయితే ఫైర్‌వాల్‌లోనో, రౌటర్‌లోనో పోర్టు మూసి ఉంది.

అడ్రసు బాగుండి కూడా రిలే కలవకపోతే గడియారం చూడు. గంటకొకసారి, నమ్మకస్తులు నడిపే కొన్ని సర్వర్లు ఓటు వేసి ఏ రిలేలు బతికున్నాయో జాబితా తీస్తాయి. నీ టైమ్ తేడాగా ఉంటే ఆ జాబితా నీకు చెల్లదు. చేత్తో భారత సమయం పెట్టి, టైమ్ జోన్ మాత్రం మార్చకుండా వదిలేస్తే సరిగ్గా అయిదున్నర గంటలు తప్పుతుంది. టైమ్‌ను దానంతటదే సరిచేసుకునేలా పెట్టెయ్.

"అన్నీ సరిగానే ఉన్నాయి, ట్రాఫిక్ రావడం లేదు" అంటే ఓపిక పట్టు. కొత్త రిలేను ఎవరూ వెంటనే నమ్మరు. మొదటి మూడు రోజులు దాని వేగం కొలిచేదాకా చుక్కలు చుక్కలుగానే వస్తుంది. ఎనిమిదో రోజు తరువాత నిలకడ చూసి గార్డు హోదా ఇస్తే ట్రాఫిక్ ఉన్నట్టుండి తగ్గుతుంది. చెడిపోయిందని పీకెయ్యొద్దు. నిన్ను నడిమి రిలేగా ఎంచుకోవడం తగ్గుతుంది, మొదటి మెట్టుగా ఎంచుకునేవాళ్ళు మెల్లగా వస్తారు. పూర్తిగా కుదురుకోవడానికి రెండు నెలలు దాటుతుంది. మాటిమాటికీ కరెంటు పోయి ఆగిపోతే ఈ లెక్క వెనక్కి పోతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో రిలే కన్నా స్నోఫ్లేక్ మేలు. రిలే తాళాలున్న ఫోల్డర్‌ను కాపీ తీసి పెట్టుకో. అది పోతే పాత పేరు పోయినట్టే, మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలు.

ఒకటికి మించి రిలేలు నడిపితే అవన్నీ ఒకే కుటుంబం అని ప్రకటించాలి. అప్పుడు ఒకే దారిలో రెండు రాకుండా టార్ చూసుకుంటుంది. ఇది ఎందుకో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కరణం, మునసబు, పంచాయితీ పెద్ద ఒకే ఇంటివాళ్ళైతే ఊళ్ళో న్యాయం ఏమవుతుందో చూశాం. 2021లో కేఏఎక్స్17 అని పేరు పెట్టిన ఒక గుంపు బయటపడింది. ఎవరో తెలియదు, ఏళ్ళ తరబడి వందల రిలేలు పెట్టి, అవి తమవని చెప్పకుండా నడిపారు. స్వచ్ఛందంగా కాపలా కాసేవాళ్ళే లెక్కలు చూసి పట్టుకున్నారు, వాటిని తీసేశారు.

ఇక పోలీసుల మాట. టార్ వాడటం నేరమని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కానీ ఎగ్జిట్ రిలే సొంత ఇంట్లో పెట్టొద్దు. లోకం ఆఖరున చూసేది దాని అడ్రసునే. ఎవడో చేసిన తప్పుకు నీ తలుపు కొడతారు. 2017 ఏప్రిల్‌లో మాస్కోలో ద్మీత్రీ బోగాతొవ్ అనే లెక్కల టీచరును అలాగే జైల్లో పెట్టారు. నడిమి రిలేకు, బ్రిడ్జికి ఆ ముప్పు చానా తక్కువ, ఎందుకంటే అవి ఏ సైటు తలుపూ తట్టవు. చానా తక్కువ అంటున్నా, లేదని అనడం లేదు. 2024 అక్టోబరు చివర్లో ఎవరో రిలేల అడ్రసులను దొంగిలించి, ఆ పేరుతో ప్రపంచమంతా తప్పుడు ముక్కలు పంపారు. ఏ తప్పూ చెయ్యని నడిమి రిలేల వాళ్ళకు కూడా కంపెనీల నుంచి నోటీసులు వచ్చాయి, కొన్ని సర్వర్లు ఆపేశారు. ఒకడు రాయి వేసి పక్కవాడి పేరు చెప్పడం మన వాడకు కొత్త కాదు గదా. రిలే నడిపేవాళ్ళంతా నోటీసులు, లెక్కలు ఒకచోట పెట్టి వెతికారు. నవంబరు 7కు మూలం దొరికింది, ఆపించారు. ఒక్కడే ఉండి ఉంటే నోటీసు చూసి భయపడి కనెక్షన్ పీకేసేవాడు.

ఇంకో ఉదాహరణ చెప్పి ముగిస్తా. 2015లో అమెరికాలో లెబనాన్ అనే చిన్న ఊళ్ళో కిల్టన్ లైబ్రరీ నడిమి రిలే పెట్టింది. పైనుంచి భద్రతా శాఖ ఒక మెయిల్ పంపింది, స్థానిక పోలీసులు వచ్చి మాట్లాడారు, లైబ్రరీ ఆపేసింది. అప్పుడు ఊరివాళ్ళు ఊరుకోలేదు. సెప్టెంబరు 15న లైబ్రరీ బోర్డు సమావేశానికి వచ్చి మద్దతు పలికారు. బోర్డు రిలేను మళ్ళీ మొదలుపెట్టింది. అక్కడ ఒక మనిషి ఇల్లు కాకుండా ఒక సంస్థ నిలబడింది. సంస్థ వెనక ఊరు నిలబడింది.

మన జవాబు అందులోనే ఉంది తమ్ముళ్ళూ. ఈ రోజు మీ ల్యాప్‌టాప్‌లో స్నోఫ్లేక్ వేసుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రిలే మాత్రం ఒంటరిగా పెట్టొద్దు. కర్నూలు రోడ్డు, తిరుపతి రోడ్డు కలిసే ఊరు మీది. దారులు కలిసే చోట సత్రం కట్టడం పాత అలవాటు. అంబేడ్కర్ భవనం ఉంటే అందులో, విద్యార్థి సంఘం ఉంటే దాని పేరుతో, తీర్మానం రాసి, వకీలు ఒకరితో ముందే మాట్లాడి, రిలే సంప్రదింపు గడిలో సంఘం మెయిల్ పెట్టి, నెలకు ఒకసారి అప్‌డేట్ చూసే బాధ్యత ఇద్దరికి అప్పగించి పెట్టండి. ప్రపంచంలో రిలేలు ఎక్కువగా జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్‌లో ఉన్నాయి, మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత తక్కువ. ఇంత మంది కంప్యూటర్ ఇంజనీర్లను ఎగుమతి చేసే రాష్ట్రం మనది.

తాతలు భయంతో మోశారు. మనం మోసేది వద్దనగలిగి కూడా మోసే బరువు. బరోడా సత్రంలో ఆ పదకొండు రోజులూ ఆయన పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు ఎక్కడో ఒక పిల్ల పేరు దాచుకుని ఒక నిజం చెప్పాలనుకుంటే, ఆ సత్రం నిండా మనుషులుండాలి.

వచ్చే వారం 15ఏ సెక్షన్ కింద సాక్షి కోర్టును ఎట్లా అడగాలో, అర్జీ ఎట్లా రాయాలో చూద్దాం. ప్రశ్నలుంటే కింద రాయండి.

జై భీమ్.